“రెడీ” అనకముందు

విశాఖపట్టణంలో కాపురముంటూ సముద్రపు ఒడ్డున తీయించుకొన్న ఫోటో ఒక్కటైనా లేని కుటుంబం ఉండదేమో. సంఘ బిడ్డల ఇండ్లను దర్శించడానికి వెళ్లినప్పుడు టీవీ ప్రక్కననో, గోడబీరువా అద్దం వెనుకనో ఆ ఫోటో మాకు కనబడుతూనే ఉంటుంది. పొడుగువారు వెనుక, పొట్టివారు ముందు, పిల్లలు ఇసుకలో మఠం వేసికొని. అందరి చేతులు తిన్నగా ప్రక్కలకు దిగి ఉంటాయి. అందరి కనుబొమ్మలు ఎండకు ముడివడి ఉంటాయి. వెనుక నీరున్నది గనుక సముద్రమని తెలుస్తుంది గాని, అక్కడ స్టూడియో పరదా వ్రేలాడదీసినా పెద్ద తేడా ఉండదు. ఇల్లు మారితే మనుష్యులు మారతారు, ఫోటో మాత్రం అదే.

వేళాకోళానికి అంటున్న మాట కాదిది. కొన్ని సంవత్సరాల క్రిందట సీతమ్మధారలో మా వీధికి దగ్గరలోనే ఒక పెద్దాయన నిద్రించారు. ఉక్కు కర్మాగారంలో చిరకాలం పనిచేసి రిటైరైన మనిషి, మితభాషి. జ్ఞాపకార్థ కూడికకు ఫోటో కావాలని పిల్లలు వెదికారు. అమెరికా నుండి వచ్చిన కుమార్తె ఫోనులోనే వేలకొద్దీ ఫోటోలున్నవి. పెండ్లిళ్లలో నిలబడినవి, విమానాశ్రయంలో నిలబడినవి, మనుమరాలి పుట్టినరోజు కేకు వెనుక నిలబడినవి. చివరికి పాస్‌పోర్టు ఫోటోనే పెద్దది చేయించారు. స్టూడియోవారు తమ అలవాటు చొప్పున కంప్యూటరులో ఆయనకొక నల్లకోటు, టై తొడిగారు. జీవితంలో ఎన్నడూ కోటు తొడిగిన మనిషి కారాయన. పటం తెచ్చి బల్లమీద పెట్టగా ఆయన భార్య చాలాసేపు చూచి, “అయ్యగారూ, ఈయనెవరండీ?” అన్నారు.

ఆ తరువాత ఆమె చెప్పిన సంగతి ఇది. ప్రతి శనివారం సాయంత్రం ఇద్దరూ ఆర్.కె. బీచికి వెళ్లేవారట. ఆయన వేరుశనగ కాయల పొట్లం కొని, ఒక్కొక్క కాయ ఒలిచి, పొట్టు ఊది, గింజలు ఆమె అరచేతిలో పోసేవారట. తాను తినేది తక్కువ. చీకటి పడగానే పోర్టులోనికి పిలుపు కొరకు దూరాన లంగరు వేసికొన్న ఓడల దీపాలను లెక్కపెట్టేవారు. ఈవారం ఎన్ని, పోయినవారం ఎన్ని అని. మాటలంటూ ఉంటే అవే మాటలు. “నాకు ఆ వేలు కావాలండి, ఆ ఊదడం కావాలి” అన్నారామె. అన్ని వేల ఫోటోలలోను అది లేదు. అంత మామూలు సంగతిని ఫోటో తీయాలని ఎవరికి తోస్తుంది?

అప్పటినుండి ఈ విషయంలో మాకు కొంచెం పట్టుదల ఏర్పడింది. ఆదివారపు పనులు ముగిసి సోమవారం తెల్లవారుజామున తీరిక దొరికితే గురుద్వారా, మద్దిలపాలెం మీదుగా చినవాల్తేరు దాటి సముద్రానికి దిగుతాము. మేము నేర్చుకొన్నది ముప్పదియారు ఫోటోల రీలు పట్టే యాషికా కెమేరాతో. ప్రతి నొక్కుకూ డబ్బు లెక్క ఉండేది గనుక నొక్కకముందు చూడడం అలవాటైంది. ఇప్పుడు వాడుతున్నది మామూలు ఫోనే. పరికరం గురించి ఎవరైనా అడిగితే మా జవాబు, మీ చేతిలో ఏదుంటే అది చాలునని.

మొదట తెలిసికోవలసినది మన తీరపు వెలుగు. మనది తూర్పు తీరం. సూర్యుడు నీటిలోనుండి లేచి, ఊరి వెనుక కొండలలోనికి దిగుతాడు. గనుక ఉదయం సముద్రంవైపు తిరిగి తీస్తే మనుష్యులు నల్లని నీడలవలె వస్తారు. సాయంత్రమైతే వెలుగు మన వీపువైపునుండి వచ్చి వారి ముఖాలమీద పడుతుంది. జూన్ నెలలో 5 గంటల 20 నిమిషాల ప్రాంతంలోనే ప్రొద్దు పొడుస్తుంది, జనవరిలో ఆరున్నర అవుతుంది. వేసవిలో సూర్యుడు ఎడమప్రక్కకు, అనగా కైలాసగిరి వైపుకు జరిగి లేస్తాడు. చలికాలంలో దాదాపు మనకెదురుగా వస్తాడు. సాయంత్రం మరొక చిత్రం జరుగుతుంది. బీచిరోడ్డు మేడల నీడ ముందుగా ఇసుకను కప్పుతుంది, నీరు మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంటుంది. ఆ కొద్ది నిమిషాలలో ఎవరికీ కళ్లు చిట్లించవలసిన పని లేదు. ముఖాలు విప్పారి ఉంటాయి. కుటుంబ ఫోటోలకు దానికి మించిన వేళ మేమెరుగము.

ఉదయపు నీడబొమ్మలు పనికిరావని కాదు. సినిమా పేరెత్తినందుకు పెద్దలు ఏమీ అనుకోవద్దు. 1978లో వచ్చిన ‘మరో చరిత్ర’ను బాలచందర్‌గారు విశాఖ, భీమునిపట్నం ప్రాంతాలలోనే తీయించారు, అదికూడ నలుపు తెలుపులలో. ఈ తీరాన రంగు లేకపోయినా ఆకారమే కథ చెప్పగలదని చూపడానికి అది చాలును. కాని నీడబొమ్మకు ఒక షరతు ఉన్నది. ఇద్దరి మధ్య ఆకాశం కనబడాలి. ఒకరిమీద ఒకరు పడ్డారంటే రెండు తలలు, నాలుగు చేతులున్న ఒకే ప్రాణి తయారవుతుంది!

ఇక బీచిలో ఫోటోలు తీసి జీవించే సోదరుల గురించి రెండు మాటలు. ఒకప్పుడు వారు ఫోటో తీసి, చిరునామా వ్రాసికొని, పోస్టులో పంపేవారు. ఆ కవరు వచ్చేవరకు ఇంటిల్లిపాదీ ఎదురుచూచేది. ఇప్పుడు సంచిలోనే చిన్న ప్రింటరు పెట్టుకొని కొద్ది నిమిషాలలో చేతికిస్తున్నారు. లేచే సూర్యుణ్ణి అరచేతిలో పట్టుకొన్నట్టు, వ్రేళ్లతో గిల్లినట్టు నిలబెట్టి తీస్తారు. అది వారి బ్రతుకుతెరువు, తప్పుపట్టము. అయితే వారి ప్రక్కన కూర్చుండి కొన్ని ఉదయాలు గమనించగా మాకొకటి అర్థమైంది. ఫోటోగ్రాఫరు “రెడీ” అంటాడు. అంతవరకు తల్లి చెంగు తడిచేసి బిడ్డ మూతి తుడుస్తూ ఉంటుంది. తండ్రి చెప్పులు విప్పి ఎక్కడ పెట్టాలా అని చూస్తూ ఉంటాడు. అక్క తమ్ముణ్ణి మోచేతితో పొడుస్తూ ఉంటుంది. నాయనమ్మ నీటిని చూచి చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని వెనక్కి రెండడుగులు వేస్తుంది. “రెడీ” అనగానే ఇదంతా ఆగిపోతుంది. అందరూ ఫోటోలో పడే మనుష్యులైపోతారు. నొక్కడం అయిపోగానే మళ్లీ ఒక్కసారి నవ్వులు, తోపులాట. ఆ కుటుంబపు ఫోటో నిజానికి “రెడీ”కి ముందొకటి, తరువాత ఒకటి ఉన్నవి. మధ్యలోనిది ఊరందరిదీ.

అయితే ముందుగా నొక్కడమంటే ఎడాపెడా నొక్కడం కాదు. ఫోను నొక్కి పట్టుకొంటే క్షణంలో ఇరవై ఫోటోలు తీస్తుంది. ఇరవైలోను సరిగా పెట్టని చట్రం ఇరవైసార్లు తప్పుతుంది. ఏమి జరుగబోతుందో మన చేతిలో లేదు గాని, ఎక్కడ జరుగుతుందో, దాని వెనుక ఏముంటుందో మన చేతిలోనే ఉన్నది. ఆ రెండూ ముందే కుదుర్చుకొని ఊరకుండాలి.

దీన్ని మేము పెద జాలారిపేట ఒడ్డున పెద్దవల లాగేవారిని చూచి నేర్చుకొన్నాము. అలివి వల అని కూడ అంటారు. పడవ ఒక త్రాటికొనను ఒడ్డున వదిలి, నీటిలో అర్ధచంద్రాకారంగా వలను జారవిడుస్తూ వెళ్లి, దూరంగా మరొకచోట రెండవ కొనను ఒడ్డుకు చేరుస్తుంది. రెండు కొనలవద్ద రెండు జట్లు. వెనక్కి వాలి, మడమలు ఇసుకలో దిగేసి, ఒకే ఊపున లాగుతారు. వల దగ్గరకు వచ్చేకొలది రెండు జట్లు కూడ ఒకదానివైపు మరొకటి జరుగుతూ వస్తాయి. చూడడానికి వచ్చినవారు మొదటి పది నిమిషాలలో విసుగుపుట్టి వెళ్లిపోతారు. ఫోటో తీయగోరువానికి ఇంతకంటె మంచి బడి లేదు. వల సంచి ఏ ప్రాంతంలో ఒడ్డెక్కుతుందో అరగంట ముందే ఉజ్జాయింపుగా తెలుస్తుంది. త్రాడు ఏటవాలుగా చట్రం మూలనుండి మధ్యకు వచ్చేటట్టు మన చోటు మనం చూచుకోవచ్చును. అప్పుడు చూచేవారి కన్ను తనంతట తానే త్రాటివెంట నడిచి మనిషిదగ్గరకు చేరుతుంది. ప్రతి జట్టు చివరన ఒకరు వచ్చిన త్రాటిని చుట్టలుగా చుట్టుతూ ఉంటారు. ఎక్కువసార్లు అది వృద్ధుడే. లాగే బలం తగ్గినా చుట్టే నేర్పు తగ్గదు. ఆయన చేతులను చూడండి.

సంచి ఇసుకమీదికి రాగానే కాకులు, గ్రద్దలు, కుక్కలు, కొనుగోలుదారులు, కెమేరాలవారు, అందరూ ఒక్కసారిగా మూగుతారు. అప్పుడు తీసిన ఫోటోలో వీపులు తప్ప మరేమీ ఉండవు. ఆ క్షణంలో మేము చేపలవైపు చూడము, చూచేవారివైపు తిరుగుతాము. గంప చంకనపెట్టుకొన్న ఒక స్త్రీ పాటు ఎంత పడిందో మునివేళ్లమీద నిలబడి చూస్తూ మనసులో లెక్కవేసికొంటూ ఉంటుంది. ఆ లెక్క ఆమె పెదవులమీద కనబడుతుంది. రేపు మళ్లీ వల పడుతుంది, మళ్లీ ఆమె వస్తుంది. కాని ఈ వేళటి లెక్క రేపు ఉండదు.

ఫ్రాన్సు దేశపు ఫోటోగ్రాఫరు కార్తియే బ్రెస్సన్ 1932లో పారిస్‌లో ఒక రైలు స్టేషను వెనుక కంచె సందులోనుండి తీసిన ఫోటో లోకప్రసిద్ధం. నీటిగుంటమీదుగా ఒక మనిషి దూకాడు, మడమ ఇంకా నీటిని తాకలేదు. ఆ మడమ గురించే అందరూ మాట్లాడతారు. మాకు మాత్రం ఆ నిశ్చలమైన నీరు ముఖ్యమనిపిస్తుంది. నీటిలో అతని నీడ తేలే చోటు ముందే ఉన్నది. మన బీచిలో ఆ గుంట ప్రతి అలకూ తయారవుతుంది. అల వెనక్కి వెళ్లిన వెంటనే తడి ఇసుక అద్దంవలె మెరుస్తుంది. ఒకటి రెండు క్షణాలే. నీరు ఇంకిపోగానే అద్దం ఆరిపోతుంది. అక్కడ పరుగెత్తే బిడ్డ ప్రతిబింబం కావాలంటే బిడ్డవెంట పరుగెత్తి లాభం లేదు. అల విరిగే చోటు చూచుకొని, మోకాళ్లమీద కూర్చుండి, బిడ్డ అక్కడికి వచ్చేవరకు వేచియుండాలి. పిల్లల ఎత్తుకు దిగి తీస్తే వారి తల ఆకాశంలో ఉంటుంది. నిలబడి క్రిందికి వంచి తీస్తే ఇసుకలో కూరుకుపోతారు. నీరు ఆకాశం కలిసే గీతను ఎవరి మెడమీదుగాను పోనీయవద్దు. తల తెగినట్టుంటుంది. అది ఒరిగిందా సముద్రమంతా ఒకవైపు ఒలికిపోతున్నట్టుంటుంది. ఉప్పుతుంపర అద్దంమీద పడుతుంది గనుక మెత్తని పాత నూలుగుడ్డ జేబులో ఉంచుకొండి. ఇంతకుమించిన శాస్త్రం మాదగ్గర లేదు.

అదే ఫ్రాన్సులో అంతకుముందు గుస్తావ్ లె గ్రే అనే ఆయన ఉండేవాడు. 1856, 1857 ప్రాంతాలలో ఆయన తీసిన సముద్రపు ఫోటోలను జనం వింతగా చూచారు. ఆ రోజులలోని గాజుపలకలకు నీటికి సరిపడా వెలుగునిస్తే ఆకాశం తెల్లగా పాలిపోయేది. ఆయన కొన్నింటికి ఆకాశాన్ని ఒక పలకమీద, సముద్రాన్ని మరొక పలకమీద తీసి, రెంటిని కలిపి ఒకే పటంగా అచ్చుతీసేవాడు. అందంగా ఉండేవి. అయితే ఆ మబ్బు ఆ అలపైన ఎన్నడూ నిలిచినది కాదు. ఇప్పటి ఫోను ఆయన పనినే చెప్పకుండా చేస్తుంది. కొన్ని ఫోటోలను వెలుగు మార్చి మార్చి తీసి కలిపివేస్తుంది. అందువలననే ఒక్కొక్కప్పుడు ఊపిన చెయ్యి రెండుగా కనబడుతుంది. దానిలో పాపమేమీ లేదు. కోటు తొడగనంతవరకు అని మా అభిప్రాయం.

ఇకపోతే, ఎదుటివారిని అడిగి తీయాలా, అడగకుండా తీయాలా? అడిగితే “రెడీ” అయిపోతారు, అడగకపోతే మర్యాద కాదు. మేము ముందు కెమేరా తీయకుండానే కాసేపు వారితో కూర్చుంటాము, మాట్లాడతాము, ఫోటోలు తీసుకోవచ్చునా అని ఒక్కసారి అడుగుతాము. వారు సరేనని తమ పనిలో పడ్డ తరువాత ఎప్పుడో తీస్తాము. ఫిషింగ్ హార్బరులో వేలంపాట దగ్గర ఒక అమ్మను ఇలాగే అడుగగా, “ఫొటోలు తీసుకుని ఎల్లిపోతారు గానీ, సేప కొంతారేటి బాబూ?” అన్నది. న్యాయమైన ప్రశ్న. కవళ్లు కొన్నాము. మా ఇంట్లోవారు ఆనాడు ఫోటోలకంటె కవళ్లనే మెచ్చుకొన్నారని వేరుగా చెప్పనక్కరలేదు. తీసిన ఫోటోను అచ్చువేయించి తరువాతి సోమవారం తీసికొనివెళ్లి ఆమెకిచ్చాము. ఆధారుకార్డుమీద తప్ప తన ఫోటో మరొకటి లేదని అప్పుడు చెప్పింది.

యౌవనస్థులకు ఒక హెచ్చరిక కూడ చేయవలసియున్నది. “ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం” అనే మాట సముద్రపు ఒడ్డున అనకండి. ఆర్.కె. బీచిలో, యారాడలో, ఋషికొండలో పైకి శాంతంగా కనబడే నీరు లోపల లాగుతుంది. తీరానికి వీపు పెట్టవచ్చును గాని సముద్రానికి వీపు పెట్టకూడదని జాలరి బిడ్డలకు చిన్ననాడే నేర్పుతారు. బండరాళ్లమీద నాచు సంగతి చెప్పనే అక్కరలేదు. భూస్థాపన కూడికలు జరిపించే పని మాది గనుక ఈ నాలుగు మాటలు.

పెద్ద సంగతులకు ఫోటోల కొరత ఏనాడూ లేదు. 2002లో కురుసుర జలాంతర్గామి ఒడ్డెక్కి మ్యూజియమైనప్పుడు తీయనివారు లేరు. 2020 అక్టోబరులో ‘మా’ అనే బంగ్లాదేశ్ ఓడ గాలివానకు కొట్టుకొనివచ్చి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డున చిక్కుకొన్నప్పుడు ఊరు ఊరంతా దానిముందు నిలబడి ఫోటో దిగింది. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బరులో పదులకొద్దీ పడవలు కాలిపోయినప్పుడు ఆ మంటలు దేశమంతటా కనబడ్డాయి. కాని కాలకముందటి ఆ పడవలు? వాటి ముందుభాగాన వ్రాసికొన్న పేర్లు, కూర సట్టి పొయ్యిమీద పెట్టి పాట పాడే కుర్రవాడు, త్రాటిమీద ఆరవేసిన లుంగీలు? ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేటనిషేధపు రోజులలో పడవలన్నీ ఒడ్డుకు చేరి మరమ్మతులు జరుగుతుంటాయి. పడవవారికి కాస్త తీరిక ఉండేది అప్పుడే. వెళ్లండి, కూర్చుండండి.

తీరమే కూడ నిలకడగలది కాదు. 1970లలో ఔటర్ హార్బరుకు కట్టిన అడ్డుగోడలు ఒడ్డువెంబడి ఉత్తరంగా నడిచే ఇసుకను ఆపుతున్నవి. అందుచేత ఆర్.కె. బీచి కోసుకొనిపోతుంటే, పోర్టువారు సముద్రంలో త్రవ్విన ఇసుకను గొట్టాలగుండా తెచ్చి ఇక్కడ పోయిస్తూ వచ్చారు. మీ చిన్ననాటి ఫోటోలో మీ కాళ్లక్రింద ఉన్న ఇసుక ఇప్పుడు అక్కడ లేదు.

తీసినవాటిలో నెలకు రెండింటినైనా కాగితంమీద అచ్చువేయించండి. వెనుక మెత్తని పెన్సిలుతో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏమి చేస్తూ ఉండగా అని వ్రాయండి. పెన్సిలు పట్టని కాగితమైతే చీటీ వ్రాసి కవరులో కలిపి పెట్టండి. 2014 అక్టోబరు 12, ఆదివారంనాడు హుద్‌హుద్ తుఫాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో మన ఊరిమీద పడింది. తరువాతి వారమంతా కరెంటు లేదు, చెట్లు రోడ్లమీదనే ఉన్నవి. సీతమ్మధారలో మేము ఇల్లిల్లూ తిరుగుతుండగా మేడలమీద బట్టలతోపాటు ఆల్బములు కూడ ఎండకు పరచియుండెను. తడిసి ఒకదానికొకటి అంటుకొన్న ఫోటోలను ఊడబెరికితే బొమ్మ లేచిపోతుంది. ఒక ఇంట్లో మేము కూడ కూర్చుండి, మంచినీటి పళ్లెంలో నానబెట్టి, మెల్లగా ఒక్కొక్కటి విడదీశాము. పెండ్లి ఫోటోలు చాలావరకు దక్కినవి. వాటి మధ్య ఒక చిన్న ఫోటో బయటపడింది. అలకు భయపడి నవ్వుతూ కెమేరావైపు పరుగెత్తి వస్తున్న ఎనిమిదేండ్ల పిల్ల, ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో. ఎవరు తీశారో గాని ఎంతో బాగుంది. వెనుక ఏమీ వ్రాసిలేదు. ఇంటి పెద్దావిడను అడిగాము, కోడలిని అడిగాము, చుట్టాలకు ఫోనులు చేయించాము. ఆ పిల్ల ఎవరో ఎవరికీ తెలియలేదు.